ముందు మీటర్లు లెక్కపెట్టండి

(శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో తెలుగువాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు, అద్దెకిచ్చే చిన్న బిల్డింగులు కొనడం గురించి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక లెక్కల క్లాసు పెట్టడం అన్యాయమే, కానీ నిర్వాహకులు నాకు ఈ టైమే ఇచ్చారు. కునుకు పట్టినవాళ్లని నేనేమీ అనుకోను.

ముందే చెప్పేస్తాను, నేను ఇళ్ల ఏజెంట్‌ని కాదు, పన్ను లెక్కలు చూసే సీపీఏనీ కాదు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2019లో ఈస్ట్ బేలో మేమో ట్రిప్లెక్స్ కొన్నాం. ఒకే కప్పు కింద మూడు ఇళ్లు. మొదట్లో ఒక ఇంట్లో మేమే ఉన్నాం, మిగతా రెండూ అద్దెకిచ్చాం. ఈరోజు చెప్పేవాటిలో సగం అక్కడ దెబ్బలు తిని నేర్చుకున్నవే.

మనం మాట్లాడుకునేది రెండు నుంచి నాలుగు ఇళ్లుండే చిన్న బిల్డింగుల గురించి. నాలుగు దగ్గరే ఎందుకు ఆగాలంటే, బ్యాంకు దృష్టిలో నాలుగు దాకా అది మామూలు ఇల్లే. మీ జీతం, మీ క్రెడిట్ చూసి ముప్పై ఏళ్ల ఫిక్స్‌డ్ లోన్ ఇస్తారు. ఐదో ఇల్లు వచ్చిందంటే అది కమర్షియల్. అక్కడ బిల్డింగు సంపాదన చూసి ఇస్తారు, షరతులు వేరు, వడ్డీ వేరు. మనలాంటి జీతగాళ్లకి నాలుగు లోపలే తేలిక.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నన్ను ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "అన్నా, బే ఏరియాలో క్యాష్ ఫ్లో వచ్చే బిల్డింగు ఎక్కడైనా ఉంటే చెప్పు." క్యాష్ ఫ్లో అంటే ఖర్చులూ కిస్తీ పోను నెల నెలా చేతికి మిగిలేది. నా జవాబు కూడా ఒకటే. అలాంటిది లిస్టింగ్‌లో, అంటే అమ్మకం ప్రకటనలో, ఉండదు. ఉన్నట్టు కనిపిస్తే ఆ లిస్టింగ్‌లో ఏదో దాచారు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఇది ఏదో ఒక బిల్డింగు లెక్క కాదు, ఉదాహరణకి నేను అనుకున్న అంకెలు. ఫోన్లు తీసి మీరూ వేయండి.

నాలుగిళ్ల ఫోర్‌ప్లెక్స్, ధర 14 లక్షల డాలర్లు. ఒక్కో ఇంటికి అద్దె 2,100. మొత్తం నెలకి 8,400. పాతిక శాతం డౌన్, అంటే ముందుగా చేతి డబ్బు కట్టాం, మూడున్నర లక్షలు. మిగిలిన పదిన్నర లక్షలకి ఏడు శాతం వడ్డీ అనుకుందాం. నెలకి లోన్ కిస్తీ దాదాపు 6,990. ఇక్కడే చాలామంది ఎక్సెల్ మూసేస్తారు. 8,400లోంచి 6,990 తీసేస్తే 1,410 మిగులు! ఇంట్లో పాయసం! (నవ్వులు)

ఆగండి. ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి 1.2 శాతం వేసుకుంటే నెలకి 1,400. పాయసం అయిపోయింది. ఇన్సూరెన్స్ 400. నీళ్లు, చెత్త, సీవర్ కలిపి 550, ఎందుకంటే పాత బిల్డింగుల్లో నీళ్ల మీటరు అందరికీ కలిపి ఒకటే ఉంటుంది, బిల్లు ఓనరు పేరున వస్తుంది. ఇల్లు ఖాళీగా ఉండే రోజుల కోసం ఐదు శాతం, 420. రిపేర్లకి 700. రూఫు, పైపులు, బాయిలరు లాంటి పెద్ద ఖర్చుల కోసం పక్కన పెట్టేది 400. మేనేజ్‌మెంట్‌కి 590. "నేనే చూసుకుంటాను కదా, మళ్లీ మేనేజ్‌మెంట్ ఖర్చేంటి" అంటారు. శనివారం రాత్రి పదకొండింటికి టాయ్‌లెట్ పొంగిందని ఫోన్ వస్తే వెళ్లేది మీరే. మీ టైముకి వెల లేదనుకుంటే మీ ఇష్టం. నేనైతే రాసుకుంటాను.

ఖర్చులన్నీ కలిపితే 4,460. 8,400లోంచి తీసేస్తే 3,940 మిగిలింది. లోన్ కట్టాల్సింది 6,990. అంటే నెల నెలా మూడు వేల పైన మన జేబులోంచి పెట్టాలి.

ఇంకోలా చూడండి. 3,940ని పన్నెండుతో హెచ్చవేస్తే ఏడాదికి 47 వేల చిల్లర. 14 లక్షల మీద అది 3.4 శాతం. దీన్నే క్యాప్ రేట్ అంటారు. 3.4 శాతం ఇచ్చే వస్తువుని ఏడు శాతం వడ్డీకి అప్పు తెచ్చి కొంటున్నాం. తెచ్చిన ప్రతి డాలరూ మనల్ని ఇంకొంచెం లోపలికి లాగుతుంది. మన తాతలకి ఈ లెక్క ఎక్సెల్ లేకుండానే తెలుసు. ఎకరం పంట వడ్డీకి సరిపోకపోతే అప్పు చేసి ఎకరం కొనేవాళ్లు కాదు. కొన్నవాళ్ల కథలూ మనకి తెలుసు.

ఈ బిల్డింగులో సున్నా దగ్గరికి రావాలంటే లోన్ ఆరు లక్షల లోపు ఉండాలి. అంటే డౌన్ పేమెంట్ ఎనిమిది లక్షలు. అంత డబ్బు పెట్టి సున్నా తెచ్చుకోవడం దేనికి?

మరి నువ్వెందుకు కొన్నావయ్యా అంటారు. చెప్తాను. దానికి ముందు లిస్టింగుల్లో ఎక్కడ మోసపోతామో చెప్పాలి. నేను మోసపోయాను కాబట్టి.

మాకు ఇల్లు అమ్మిన పెద్దాయన దాన్ని 1986లో లక్షన్నర డాలర్లకి కొన్నాడు. కాలిఫోర్నియాలో 1978లో ప్రొపొజిషన్ 13 అని ఓటేసి తెచ్చుకున్న చట్టం ఉంది. మూల పన్ను ఒక శాతం, పైన ఊరి బాండ్లూ గట్రా. అసలు కిటుకు ఏంటంటే, పన్ను వేసే విలువ ఏడాదికి రెండు శాతం మించి పెరగదు. ముప్పై మూడేళ్లు రెండేసి శాతం పెరిగినా ఆయన ఇంటి విలువ ట్యాక్స్ కాగితాల్లో 2,88,000 దగ్గరే ఉంది. మేం కొన్నది 9,60,000కి. చేతులు మారగానే కౌంటీ వాళ్లు కొత్త ధరకి విలువ కడతారు. లిస్టింగ్‌లో ఖర్చుల కింద వేసిన ట్యాక్స్ మాత్రం ఆయనది. అబద్ధం కాదు, నిజమే. ఆయన నిజం.

అది నాకు తెలుసు, ఎక్సెల్‌లో మార్చుకున్నాను కూడా. తెలియనిది ఇంకోటి. కొన్న మూడు నెలలకి కౌంటీ నుంచి కవరు వచ్చింది. ఏదో ప్రకటన అనుకుని ఫ్రిజ్ మీద పడేశాను. మా ఆవిడ తెరిచింది. సప్లిమెంటల్ ట్యాక్స్ బిల్లు. పాత విలువకీ కొత్త విలువకీ ఉన్న తేడా మీద, మేం కొన్న నాటి నుంచి జూన్ నెలాఖరు దాకా పన్ను. 5,400 డాలర్లు. "ఎస్క్రోలో కడుతున్నాం కదా, బ్యాంకు చూసుకుంటుంది" అన్నాను ధీమాగా. ఎస్క్రో అంటే కిస్తీతో పాటు పన్ను డబ్బు కూడా తీసుకుని బ్యాంకు కట్టే ఖాతా. కానీ ఈ బిల్లుని బ్యాంకు చూసుకోదండి. ఆ బిల్లు నేరుగా ఓనరుకే వస్తుంది, మనమే కట్టుకోవాలి. ఆ నెల మా ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు. కొనేటప్పుడు దాని కోసం డబ్బు విడిగా పెట్టుకోండి.

రెండోది అద్దెలు. లిస్టింగ్‌లో రెండు వరసలు ఉంటాయి, ఇప్పుడు వస్తున్న అద్దె, "రావాల్సిన" అద్దె. రెండో వరస చదవడం మానేయండి. 2020 జనవరి నుంచి ఏబీ 1482 అనే రాష్ట్ర చట్టం అమల్లో ఉంది. పదిహేనేళ్లు దాటిన చాలా బిల్డింగుల్లో అద్దె ఏడాదికి ఐదు శాతం ప్లస్ ద్రవ్యోల్బణం, ఎంతైనా పది శాతం, అంతకు మించి పెంచకూడదు. ఏడాది దాటి ఉంటున్నవాళ్లని కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. కొన్ని ఊళ్లలో ఇంకా గట్టి రూల్స్ ఉన్నాయి. శాన్ హోసేలో 1979 సెప్టెంబరు 7కి ముందు కట్టిన మూడు, అంతకంటే ఎక్కువ ఇళ్ల బిల్డింగైతే ఏడాదికి ఐదు శాతమే. అంటే 1,500 అద్దె కడుతున్నవాళ్లని రేపటికల్లా 2,400కి తెచ్చే దారి లేదు. వాళ్లని ఏదోలా పంపించేసి పెంచుదాం అని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండండి. చట్టం సంగతి సరే, ఆ ఇంట్లో ఉన్నది కూడా మనలాగే పిల్లల్ని స్కూలుకి పంపుకునేవాళ్లు.

ఇప్పుడు వస్తున్న అద్దె కూడా అమ్మేవాళ్ల మాట మీద నమ్మొద్దు. ఎస్టాపెల్ అనే కాగితం అడగండి. అద్దెకున్నవాళ్లే సంతకం పెట్టి ఇస్తారు: మేం కట్టేది ఇంత, డిపాజిట్ ఇంత, ఓనరు ఇచ్చిన మాటలు ఇవి, ఫ్రిజ్ మాది. ఫ్రిజ్ సంగతి జోక్ అనుకోకండి. మా కింద ఇంట్లో ఫ్రిజ్, స్టవ్ రెండూ అద్దెకున్నాయనవే. ఖాళీ చేసేటప్పుడు పట్టుకెళ్లిపోయాడు. న్యాయంగానే పట్టుకెళ్లాడు.

(ప్రేక్షకుల్లోంచి: డిపాజిట్లు మనకి వస్తాయా?)

కొనుగోలు ముగిసేటప్పుడు ఎస్క్రో లెక్కలో, అంటే మధ్యవర్తి వేసే చెల్లింపుల లెక్కలో, క్రెడిట్ రూపంలో రావాలి. రాకపోతే గట్టిగా అడగండి. వాళ్లు ఖాళీ చేసిన రోజు తిరిగి ఇవ్వాల్సింది మీరే.

సరే, మీటర్లు. నేను ఏ బిల్డింగు చూడ్డానికి వెళ్లినా ముందు గుమ్మంలోకి వెళ్లను, పక్క సందులోకి వెళ్తాను. కరెంటు మీటర్లు అక్కడే ఉంటాయి. నాలుగిళ్ల బిల్డింగుకి మామూలుగా నాలుగుండాలి. ఐదుంటే ఐదోది ఓనరుది, మెట్ల లైట్లూ లాండ్రీ గదీ దాని మీద నడుస్తాయి. ఒకసారి "ఫోర్‌ప్లెక్స్" అని రాసిన చోటికి వెళ్లాను. సందులో చూస్తే మూడే మీటర్లు. వాటిలో ఒకదాని నుంచి గోడ వెంట తెల్లటి కొత్త పైపు గరాజ్‌లోకి పోతోంది. గరాజ్ తలుపు లోపల గోడ కట్టి, కిచెన్ పెట్టి, అద్దెకిచ్చారు. సిటీ రికార్డుల్లో అది ట్రిప్లెక్స్. లిస్టింగ్‌లో నాలుగు అద్దెలూ కలిపి చూపించారు.

పర్మిట్ లేని ఇంటి అద్దెని బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టే అప్రైజరు లెక్కలోకి తీసుకోడు. అద్దెకున్నవాళ్లు ఎగ్గొడితే కోర్టులో గట్టిగా అడగలేం. సిటీకి ఎవరైనా ఫిర్యాదు చేస్తే మూయించొచ్చు. నాలుగో అద్దె తీసేసి లెక్క వేసి ఆఫర్ ఇచ్చాను. నవ్వారు. వేరే ఎవరో కొనుక్కున్నారు. పోనీయండి.

అదే సందులో ఇంకో రెండు చూడండి. పైపులు ఇనుపవా, రాగివా. పాత గాల్వనైజ్డ్ పైపులైతే లోపల తుప్పు పట్టి నీళ్ల ధార సన్నగా ఉంటుంది, పైన ఇంట్లో షవర్ తిప్పితే తెలిసిపోతుంది. రెండోది చెక్క బాల్కనీలు, బయటి మెట్లు. మూడు, అంతకంటే ఎక్కువ ఇళ్లున్న బిల్డింగుల్లో నేలకి ఆరడుగుల పైన ఉన్న చెక్క బాల్కనీలని తనిఖీ చేయించాలని ఎస్‌బీ 721 చట్టం చెబుతోంది. మొదటి తనిఖీకి 2026 జనవరి 1 గడువు. ఆ రిపోర్టు అమ్మేవాళ్లని అడగండి. లేదంటే ఆ ఖర్చు మీ మీద పడుతుంది.

ఇప్పుడు అసలు దారి. నాకు తెలిసి ఇక్కడ మిగులు వచ్చేది రెండు చోట్ల నుంచి. బిల్డింగులో వాడకుండా పడున్న జాగా నుంచి, గడిచే ఏళ్ల నుంచి.

జాగా అంటే ఏడీయూ, అంటే అదనపు చిన్న ఇల్లు. 2020 నుంచి కాలిఫోర్నియా దీన్ని బాగా వదులు చేసింది. అద్దె బిల్డింగుల్లో గరాజ్, స్టోర్ రూమ్, బాయిలర్ రూమ్ లాంటి ఎవరూ నివసించని చోట్లని ఇళ్లుగా మార్చుకోవచ్చు. ఉన్న ఇళ్లలో పాతిక శాతం దాకా, కనీసం ఒకటి. అది కాక పెరట్లో విడిగా కట్టుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఎస్‌బీ 1211 ప్రకారం విడిగా కట్టేవి ఎనిమిది దాకా, కానీ ఉన్న ఇళ్ల సంఖ్య దాటకూడదు. ఫోర్‌ప్లెక్స్ పెరట్లో స్థలం ఉంటే నాలుగు. గరాజ్ మార్చినందుకు బదులు పార్కింగ్ చూపించమని సిటీ అడగకూడదు.

లెక్క చూడండి. గరాజ్ మార్చడానికి లక్షన్నర అయిందనుకుందాం. అద్దె 2,000, ఏడాదికి 24,000. పన్ను, నీళ్లు, రిపేర్లు, ఖాళీ రోజులు కలిపి ఐదు వేలు తీసేస్తే 19,000. పెట్టిన దాని మీద పన్నెండున్నర శాతం పైన. కొన్న బిల్డింగు 3.4 ఇస్తోంది, దాని గరాజ్ పన్నెండు ఇస్తోంది. ఎందుకంటే నేల డబ్బు ముందే కట్టేశాం. బే ఏరియాలో ఖరీదైనది నేలే, గోడలు కాదు. ప్రొపొజిషన్ 13 కింద కూడా కొత్తగా కట్టినదానికే విలువ కలుపుతారు, బిల్డింగు మొత్తాన్ని మళ్లీ లెక్కగట్టరు.

అందుకే నేను ఇప్పుడు బిల్డింగు చూస్తే కిచెన్ కౌంటర్లు చూడను. గరాజ్ కప్పు ఎత్తెంత, సీవర్ లైను ఎటు పోతోంది, పెరట్లో ఇంకో ఇల్లు పట్టేంత జాగా ఉందా, ఇవే చూస్తాను. కానీ ఒక మాట, ఇందాకటి ఫోర్‌ప్లెక్స్‌ని ఒక్క గరాజ్ కాపాడలేదు. ఆ లక్షన్నర కూడా అప్పు తెస్తే దాని కిస్తీ పోను నెలకి మిగిలేది ఐదారు వందలే. మూడు వేలు పోతున్న చోట అది వచ్చినా నష్టం నష్టమే. దాన్ని ఆ ధరకి కొనకపోవడమే లాభం.

రెండోది, గడిచే ఏళ్లు. అక్కడికి చేరే దారి మనం అందులోనే ఉండటం. ఓనరు ఉండేటట్టయితే ఎఫ్‌హెచ్‌ఏ లోన్, అంటే కేంద్ర ప్రభుత్వం పూచీ ఉండే లోన్, మూడున్నర శాతం డౌన్‌తో నాలుగిళ్ల దాకా ఇస్తారు. 2023 నవంబరు నుంచి, బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ కూడా రెండు నుంచి నాలుగిళ్ల బిల్డింగుకి ఐదు శాతం డౌన్‌కి ఒప్పుకుంటోంది. ఇది వినగానే అందరికీ ఫోర్‌ప్లెక్స్ మీద మనసు పోతుంది. ఎఫ్‌హెచ్‌ఏలో ఒక మెలిక ఉంది. మూడు, నాలుగు ఇళ్లయితే మొత్తం అద్దెల్లో డెబ్బై ఐదు శాతం కిస్తీకి, పన్నుకి, ఇన్సూరెన్సుకి సరిపోవాలి. మన ఫోర్‌ప్లెక్స్‌కి 8,400లో డెబ్బై ఐదు శాతం 6,300. మూడున్నర శాతం డౌన్‌తో ఒక్క కిస్తీయే తొమ్మిది వేల దగ్గర. ఫెయిల్. ఈ ధరల్లో దాదాపు అన్నీ ఫెయిలే. డ్యూప్లెక్స్‌కి, అంటే రెండిళ్ల బిల్డింగుకి, ఆ పరీక్ష లేదు. కాబట్టి ఇక్కడ మొదటి బిల్డింగు చాలామందికి డ్యూప్లెక్సే.

డ్యూప్లెక్స్ లెక్క గబగబా చెప్తాను. 11 లక్షల ధర, ఇరవై శాతం డౌన్, ఆరున్నర వడ్డీ. కిస్తీ, పన్ను, ఇన్సూరెన్స్, నీళ్లు, రిపేర్లు కలిపి 7,600. పక్కింటి అద్దె 2,900. మన జేబులోంచి 4,700. ఇప్పుడు మీరు కడుతున్న అద్దె 3,400 అనుకుంటే ఇంకా 1,300 ఎక్కువే. చేతి డబ్బుతో పెరట్లో చిన్న ఇల్లు కట్టి 2,000కి ఇస్తే ఖర్చులు పోను మీ అద్దెతో సమానం అవుతుంది, కాస్త తక్కువే కావచ్చు. రెండేళ్లకి మీరు వేరే ఇంటికి మారితే మూడు అద్దెలు, 7,800. చిన్న ఇంటి ఖర్చులూ ఖాళీ రోజులూ కలుపుకుంటే అప్పటికీ నెలకి ఐదారు వందలు మైనస్.

ఇక్కడి నుంచి కాలం పని చేస్తుంది. కిస్తీ ముప్పై ఏళ్లూ అదే. మనల్ని లిస్టింగ్‌లో బోల్తా కొట్టించిన ప్రొపొజిషన్ 13 ఇప్పుడు మన పక్షం, పన్ను ఏడాదికి రెండు శాతం కంటే పెద్దగా కదలదు. ఇన్సూరెన్స్ పెరుగుతుంది, బాగానే పెరుగుతుంది. అయినా అద్దెలు ఏటా మూడు, మూడున్నర శాతం పెరిగితే నాలుగో ఏటికి సున్నా దాటుతాం. ఆ నాలుగేళ్లూ నిలబడగలరా అన్నదే ప్రశ్న. ఉద్యోగం పోతే ఆరు నెలలు కట్టగలరా? మన దగ్గర చాలామందికి వీసా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఆ డబ్బు విడిగా లేకపోతే కొనొద్దంటాను.

(ప్రేక్షకుల్లోంచి ఒకావిడ: అన్నయ్యగారూ, నష్టం వచ్చినా ట్యాక్స్‌లో కలిసొస్తుందంటారు కదా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఏజెంట్లు అందరూ చెప్పేదే. బిల్డింగు విలువని ఇరవై ఏడున్నర ఏళ్లకి భాగించి ఏటా తరుగుదల అని ఖర్చు చూపించుకోవచ్చు, నిజమే. కానీ నేలకి తరుగుదల లేదు. ఇక్కడ ధరలో సగానికి పైగా నేలే ఉండొచ్చు. ఇంకోటి, అద్దె నష్టాన్ని జీతంలోంచి 25,000 దాకా తీసుకునే వీలు ఆదాయం లక్ష దాటినప్పటి నుంచి తగ్గుతూ లక్షన్నర దగ్గర పూర్తిగా పోతుంది. ఈ గదిలో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు ఎన్నో మీకే తెలుసు. (నవ్వులు) ఆ నష్టం ఎక్కడికీ పోదు, ముందు ఏళ్లకి జమ అవుతుంది, అద్దెలో లాభం వచ్చినప్పుడో అమ్మినప్పుడో వాడుకోవచ్చు. ఈ ఏడాది జీతం మీద పన్ను తగ్గుతుందని మాత్రం అనుకోకండి. మీ సీపీఏని అడగండి.

(ఇంకో ప్రశ్న: మీ ట్రిప్లెక్స్ ఇప్పుడు నెలకి ఎంత ఇస్తోంది? నిజం చెప్పండి.)

నిజమే చెప్తాను. మేం కొన్నప్పుడు వడ్డీ నాలుగు చిల్లర. 2021లో రీఫైనాన్స్ చేస్తే, అంటే పాత లోన్ తీర్చి కొత్త లోన్ తీసుకుంటే, మూడు చిల్లరకి వచ్చింది. అందులో నా తెలివేమీ లేదు, అదృష్టం. ఆ వడ్డీ ఇప్పుడు మీకు రాదు, కాబట్టి నన్ను చూసి కొనకండి. మేం బయటికి వచ్చాక మూడు ఇళ్లూ అద్దెకిచ్చాం, 2022లో గరాజ్ కూడా ఇల్లయింది. ఇప్పుడు అన్ని ఖర్చులూ పోను కాగితం మీద నెలకి 2,100 డాలర్లు మిగులుతుంది. పోయిన నెల పై ఇంట్లో వాటర్ హీటర్ కారింది, కింది ఇంటి సీలింగ్ తడిసింది. హీటరు, సీలింగు, పెయింటు కలిపి 2,300 అయింది. కాబట్టి పోయిన నెల మైనస్ 200.